ఎదిగిన ఇల్లు, ఒరిగిన ఇల్లు

(మహారాష్ట్ర నాందేడ్ జిల్లా కర్ఖేలిలో గురూజీ స్మారక సభలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, తాతల నాటి భూమి కాగితాల మీద ఉర్దూ. ఈ మూడింటి నడుమ పెరిగిన మా తరానికి అక్షరం నేర్పిన మనిషి గురూజీ. ఆయన మంచితనం గురించి చెప్పడానికి నాకంటే మీకే ఎక్కువ హక్కుంది. ఆయన్ని బతికినన్నాళ్ళూ వదలని ఒక ప్రశ్నను మీ ముందు పెట్టి, నాకు తెలిసినంతలో జవాబు వెతుకుతాను. ఇవాళ నేను ఇవ్వగల నివాళి అదే.

ఇదీ ఆ ప్రశ్న: ఇద్దరు మనుషులు, ఒకే వాడ, ఒకే కులం. ఇద్దరూ ఒకే ఆసామి దగ్గర ఏడాది జీతానికి ఉన్న సాలగడులే. నలభై ఏళ్ళు తిరిగేసరికి ఒకరి పిల్లలు ఉద్యోగాల్లో ఉన్నారు. రెండోవారి ఇంట్లో మనవడు కూడా కూలికే పోతున్నాడు. ఎందుకిలా జరుగుతుంది?

మన ఊళ్ళలో దీనికి మూడు జవాబులు వినిపిస్తాయి. ఒకడు కష్టపడ్డాడు, ఇంకొకడు పడలేదు. ఒకడు తాగలేదు, ఇంకొకడు తాగాడు. అదీ కాకపోతే, ఎవరి నొసటి రాత వారిది. కష్టానికి విలువ లేదని నేను అనను. కష్టపడకుండా పైకొచ్చిన బీద ఇల్లు నాకు ఒక్కటీ తెలియదు. అయితే కష్టపడి కూడా రాని ఇళ్ళు వాడకు పది చూపిస్తాను. రెండు ఇళ్ళలోనూ సమానంగా ఉన్నది ఆ రెండింటి మధ్య తేడాకు కారణం కాలేదు. కారణం వేరేచోట వెతకాలి.

పైకి ఎంతమంది, కిందికి ఎంతమంది?

ఈ వెతుకులాటలో నాకు బాగా ఉపయోగపడిన పని అనిరుధ్ కృష్ణ గారిది. రాజస్థాన్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, తర్వాత అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన మనిషి. ఆయన ఊరివాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి, ఏమీ లేని కుటుంబం చేతికి కాస్త డబ్బొస్తే మొదట ఏం చేస్తుంది, ఆ తర్వాత ఏం చేస్తుంది అని అడిగారు. కడుపు నిండా తిండి, పిల్లల బడి, ఒంటికి బట్ట, అప్పు తీర్చుకోవడం, ఇలా ఒక్కో మెట్టు ఊరివాళ్ళే చెప్పారు. ఏ మెట్టు దాటితే ఆ ఇంటిని బీద ఇల్లు అనరో కూడా వాళ్ళే తేల్చారు. అప్పుడు ఇల్లిల్లూ లెక్కించారు. పాతికేళ్ళ కింద ఈ ఇల్లు ఏ మెట్టు మీద ఉంది, ఇప్పుడెక్కడుంది, మారితే ఎందుకు మారింది?

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నల్గొండ, ఖమ్మం, తూర్పు గోదావరి జిల్లాల్లోని 36 గ్రామాల్లో, 5,536 కుటుంబాల మీద ఈ లెక్క జరిగింది. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. పాతికేళ్ళలో నూటికి 14 కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయి. అదే పాతికేళ్ళలో నూటికి 12 కుటుంబాలు కొత్తగా పేదరికంలోకి జారాయి.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పద్నాలుగు ఇళ్ళు ఎక్కితే పన్నెండు ఇళ్ళు దిగాయి. ప్రభుత్వాల నివేదికల్లో మనకు కనిపించేది చివర మిగిలిన రెండే. పేదలంటే ఎప్పుడూ పేదలుగానే ఉన్న ఒక గుంపు అనీ, వాళ్ళను పైకి లాగితే పని అయిపోతుందనీ అనుకుంటాం. కానీ మన పరిస్థితి వాగు నీళ్ళు వస్తున్నా కట్టకు గండి పడ్డ చెరువు. గండి పూడ్చకుండా ఎంత నీరు తెచ్చినా మట్టం పెరగదు.

ఆ అధ్యయనంలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది మరొకటి. ఎక్కిన ఇళ్ళ కారణాలూ, దిగిన ఇళ్ళ కారణాలూ ఒకటి కావు. జారిన ఇళ్ళ వెనక ఉన్నవి జబ్బులు, వైద్యం ఖర్చు, పెళ్ళిళ్ళు, అధిక వడ్డీ అప్పులు, కరువు. ఎక్కిన ఇళ్ళ వెనక ఉన్నవి వ్యవసాయానికి తోడు రెండో ఆదాయం, భూమిని బాగుచేసుకోవడం, నీటి వసతి. తాగుడు, సోమరితనం కారణంగా చితికిన ఇళ్ళు లేకపోలేదు, చాలా కొద్ది. ఊరి రచ్చబండ మీద మాత్రం మనం ఎక్కువగా మాట్లాడుకునేది ఆ కొద్ది ఇళ్ళ గురించే.

నేను ఇవాళ చెప్పదలచిన మాట ఇక్కడే ఉంది. బీద ఇల్లు పైకి రావాలంటే రెండు కావాలి. ఒక తలుపు తెరుచుకోవాలి. ఆ తలుపు దాటేవరకు ఇంటి మీద పెద్ద దెబ్బ పడకుండా ఉండాలి. మొదటిదాని కోసం అందరూ మాట్లాడతారు. రెండోదాన్ని అదృష్టానికి వదిలేశారు. ఒకే వాడలోని రెండు ఇళ్ళ తేడా చాలాసార్లు ఆ వదిలేసిన చోటే పుడుతుంది.

జారడం ఎలా జరుగుతుంది

ఇల్లు ఒక్కరోజులో ఒరగదు. ఇంటి పెద్దకు జబ్బు చేస్తుంది. మొదట కూలి పోతుంది. తర్వాత ఊళ్ళో డాక్టరు, తర్వాత ధర్మాబాద్, తర్వాత నాందేడ్. ముందు మేకలు అమ్ముతారు. చాలకపోతే మూడు రూపాయల మిత్తికి యాభై వేలు తెస్తారు. నెలకు 1,500, ఏడాదికి 18,000 మిత్తికే పోతుంది. అసలు అలాగే ఉంటుంది. రెండో ఏడు ఎడ్లు పోతాయి. మూడో ఏడు చెలక కుదువకు పోతుంది. ఆ ఏడే పెద్దబిడ్డ బడి మానేస్తుంది. నాలుగో ఏడు ఆ ఇంటిని చూసినవాళ్ళకు జబ్బు కనిపించదు, చదువు మానేసిన పిల్ల, కుదువ పెట్టిన పొలం కనిపిస్తాయి. వీళ్ళకు ముందుచూపు లేదని తీర్పు చెప్పి వెళ్ళిపోతారు.

హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1975లో ఆరు మెట్ట గ్రామాలను ఎంచుకుని ఏళ్ళ తరబడి ఇంటింటి లెక్కలు రాసింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లె, దోకూరు. సోలాపూర్ జిల్లాలో షిరాపూర్, కాల్మన్. అకోలా జిల్లాలో కంజారా, కింఖేడా. తెలుగు ఊళ్ళూ మరాఠీ ఊళ్ళూ కలిసిన ఈ లెక్కలు మన నేలకు బాగా దగ్గరివి. వాటిని చదివిన ఆర్థికవేత్తలు రోజెన్‌జ్వీగ్, వోల్పిన్ ఒక సంగతి చూపించారు. కరువు ఏడు రైతు ఎడ్లను అమ్మి తిండి గింజలు కొనుక్కుంటాడు. మరుసటి ఏడు వాన పడ్డా దున్నడానికి ఎడ్లుండవు. ఆకలి తీర్చుకున్న మార్గమే వచ్చే పంటను తగ్గిస్తుంది. ఆ రైతు తెలివితక్కువగా ఏమీ చేయలేదు. అతని ముందున్న దారి అదొక్కటే.

పెళ్ళి ఖర్చు సంగతి కూడా చెప్పాలి. బీదవాళ్ళ ఆడంబరం అని చదువుకున్నవాళ్ళు తేలిగ్గా తీసిపారేస్తారు. ఇవే ఆరు గ్రామాల లెక్కల్లో రోజెన్‌జ్వీగ్, స్టార్క్ అనే ఇద్దరు ఇంకో సంగతి గమనించారు. ఆడపిల్లలను దూరపు ఊళ్ళకు ఇచ్చిన కుటుంబాలు పంట పోయిన ఏడు కూడా తిండికి అంతగా ఇబ్బంది పడలేదు. ఇక్కడ వాన లేనప్పుడు అక్కడ ఉండొచ్చు. వియ్యంకుడి ఇల్లు ఆదుకుంటుంది. మనం కర్ఖేలి పిల్లను నవీపేటకో బోధన్‌కో ఇచ్చేటప్పుడు మన పెద్దలు చూసుకున్నదీ ఇదే. బ్యాంకు, బీమా లేని మనిషికి చుట్టరికమే బీమా. ఆ బీమా ధర కట్నం రూపంలో, విందుల రూపంలో పెరుగుతూ పోయింది. ఖర్చు తగ్గించుకొమ్మని బీదవాడికి చెబితే అతని పిల్లకు సంబంధం తప్పిపోతుంది. తగ్గించడం ఊళ్ళో ఉన్నవాళ్ళ నుంచి మొదలవ్వాలి. పెద్ద రైతు, వ్యాపారి, ఉద్యోగి తమ బిడ్డల పెళ్ళిళ్ళు సాదాగా చేస్తేనే కూలి మనిషికి సాదాగా చేసే ధైర్యం వస్తుంది. ఈ సభలో ఉన్న ఉద్యోగులందరికీ, నాతో సహా, ఇది వర్తిస్తుంది.

వైద్యం విషయంలో కొంత మార్పు వచ్చింది. 2007 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. 2012లో మహారాష్ట్ర అలాంటి పథకాన్నే తెచ్చినప్పుడు మొదటి విడతలో మన నాందేడ్ జిల్లా ఉంది. ఇప్పుడది మహాత్మా జ్యోతిబా ఫులే పేరుతో నడుస్తోంది. దేశం మొత్తం వైద్య వ్యయంలో జనం సొంత జేబు నుంచి పెట్టేది 2013–14లో నూటికి 64 రూపాయలుండగా 2021–22 నాటికి 39కి తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. తగ్గింది, మంచిదే. కానీ ఈ పథకాలు చూసేది ముఖ్యంగా ఆపరేషన్లను, ఆసుపత్రిలో చేరిన రోజులను. నెలనెలా కొనే షుగరు మందు, బీపీ మందు, పదే పదే తీసే స్కానింగ్, పోగొట్టుకున్న కూలి రోజులు ఇంటి నెత్తినే ఉన్నాయి. కొద్దికొద్దిగా కారే ఆ డబ్బే ఇంటిని ఖాళీ చేస్తుంది.

చిన్న సాయం ఎందుకు చాలదు

ఇక ఎక్కడం గురించి. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 2007లో అతి బీద స్త్రీలకు ఆవులు ఇచ్చింది. 6,000 కుటుంబాలను పదకొండేళ్ళు వెంబడించి క్లేర్ బల్బోనీ, ఓరియానా బందియేరా, మైత్రీష్ ఘటక్ తదితరులు ఒక అధ్యయనం రాశారు. మనుషులు పేదలుగానే ఎందుకు మిగిలిపోతారు అన్నదే దాని ప్రశ్న. అందరికీ ఒకేలాంటి ఆవు దొరికింది. చేతిలో అంతకుముందే కొద్దిపాటి ఆస్తి ఉన్నవాళ్ళు ఆ ఆవుతో ఒక హద్దు దాటారు, ఏటేటా ఆస్తి పెంచుకుంటూ పోయారు. ఆవు వచ్చాక కూడా ఆ హద్దుకు దిగువనే ఉన్నవాళ్ళు మెల్లగా వెనక్కి జారారు. రెండు గుంపుల తెలివిలో, సత్తాలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మొదలుపెట్టిన చోటులోనే తేడా.

అలాంటి పథకమే మనకు దగ్గరగా మెదక్ జిల్లాలో నడిచింది. అక్కడ ఫలితం వేరు. ఆ రోజుల్లో కూలి రేట్లు పెరిగి, పథకంలో లేనివాళ్ళు కూడా ఆదాయం పెంచుకున్నారు. పథకంలో ఉన్నవాళ్ళలో కొందరు ఇచ్చిన పశువులను అమ్మి పాత అప్పులు కట్టుకున్నారు. చివరికి రెండు గుంపుల మధ్య తేడా మిగల్లేదు. నిజానికి అప్పు తీర్చుకున్నవాళ్ళు తప్పు చేయలేదు. మెడ మీద మిత్తి కత్తి ఉన్నప్పుడు గేదెను మేపుతూ కూర్చోవడం ఎవరికీ సాధ్యం కాదు. ముందు అప్పు సంగతి చూడకుండా చేతికి పశువునిచ్చి వ్యాపారం చేసుకోమంటే జరిగేది ఇదే.

హైదరాబాద్ నగరంలో 104 బస్తీల్లో సూక్ష్మరుణాల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో బృందం చేసిన పరిశోధన కూడా ఇదే దిశలో ఉంది. అప్పు దొరికాక కొందరు దుకాణాలు పెంచుకున్నారు. సగటు ఇంటి ఖర్చు, పిల్లల చదువు, ఆరోగ్యం మాత్రం పెద్దగా మారలేదు. అప్పు ఒక పనిముట్టు మాత్రమే. ఇప్పటికే కాస్త నిలబడినవాడి చేతిలో పనికొస్తుంది, తూలుతున్నవాడి చేతిలో బరువవుతుంది. 2010లో ఆంధ్రప్రదేశ్ ఊళ్ళలో వారం వారం వసూళ్ళ ఒత్తిడికి జనం ఎంత నలిగిపోయారో, ప్రభుత్వం ఎందుకు ఆర్డినెన్స్ తేవలసి వచ్చిందో మనకు గుర్తుంది.

గీతకు ఇవతల, అవతల

మన ఊరి సంగతికి వద్దాం. సికింద్రాబాద్–మన్మాడ్ రైలు దారి మీద కర్ఖేలి తర్వాత ధర్మాబాద్, ఆ తర్వాత బాసర. బాసర ఉన్న ముధోల్ తాలూకా 1956 దాకా నాందేడ్ జిల్లాలోనే ఉండేది. ఆ ఏడు నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల వారీగా పంచినప్పుడు ముధోల్ ఆంధ్రప్రదేశ్‌కు పోయింది, మనం బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చాం. అదే నల్లరేగడి, అదే గోదావరి, అవే చుట్టరికాలు. మధ్యలో గీత ఒక్కటే కొత్తది.

2018లో ధర్మాబాద్ తాలూకా ఊళ్ళు తమను తెలంగాణలో కలపమని అడిగాయి. దాన్ని భాషాభిమానంగానో రాజకీయంగానో చూసినవాళ్ళున్నారు. నాకైతే అది జారిపోతామన్న భయంలోంచి వచ్చిన మాటగా వినిపించింది. అవతల చుట్టాలింట్లో ఎకరానికి పంటకు 4,000 రూపాయల రైతుబంధు ఆ ఏడాది మే నెలలో మొదలైంది. ఆగస్టులో రైతుబీమా వచ్చింది. పట్టా ఉన్న రైతు అరవై ఏళ్ళలోపు ఏ కారణంతో పోయినా ఇంటికి 5 లక్షలు. అప్పుడు మన వైపు రైతుకు ఉన్నది ప్రమాదంలో పోతే వర్తించే బీమా. గుండెపోటుతో పోయిన రైతు ఇల్లు ఇవతల ఒరుగుతుంది, అవతల నిలబడుతుంది. ఆ రెండు ఇళ్ళ కష్టంలో తేడా లేదు, గుణంలో తేడా లేదు. ఒకటి గీతకు అవతల ఉంది, అంతే.

అవతలి పథకాల లోపం కూడా చెప్పకపోతే నిజం సగమే చెప్పినట్టు. రైతుబంధు గానీ రైతుబీమా గానీ పట్టాదారుకే దక్కాయి. భూమి లేక కౌలు చేసేవాడికి, కూలికి పోయేవాడికి అందలేదు. దెబ్బ తట్టుకునే శక్తి అందరికంటే తక్కువ ఉన్నవాడే లెక్కలోంచి తప్పిపోయాడు. మనం ఈ వైపు అడిగేటప్పుడు కూలి మనిషి పేరు ముందు రాసి అడగాలి.

మహారాష్ట్ర దేశానికి నేర్పిన పాఠం ఒకటుంది, దాన్ని మరువకూడదు. 1972 కరువులో పుట్టిన రోజ్‌గార్ హమీ యోజన 1977లో చట్టమైంది. అడిగినవాడికి పని ఇవ్వడం సర్కారు బాధ్యత అన్న ఆ ఆలోచనే 2006లో దేశమంతటి ఉపాధి హామీకి మూలం. ఆ ఫిబ్రవరిలో మొదటి విడత 200 జిల్లాల్లో నాందేడ్ కూడా ఉంది. కరువు ఏడు ఎడ్లను అమ్ముకోకుండా ఆపగలిగేది ఇలాంటి పనే, కూలి వేళకు అందితే. మూడు నెలలకు వచ్చే కూలి సావుకారు తలుపు తట్టకుండా ఆపలేదు.

సాత్ బారా మీద పేరు

కులం మాట ఎత్తకుండా పేదరికం గురించి మాట్లాడితే అది అబద్ధమవుతుంది. జబ్బు అన్ని ఇళ్ళకూ వస్తుంది. ఐదెకరాలున్న ఇల్లు ఒకటి కుదువ పెట్టి తట్టుకుంటుంది. వెలివాడలో ఇల్లు దేన్ని కుదువ పెట్టాలి? మనుషులను పెట్టింది. కొడుకును సాలగడిగా ఏడాదికి రాయించి ముందే డబ్బు తెచ్చుకుంది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చేదాకా దాన్ని తప్పు అనేవాళ్ళే అరుదు.

1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుగా పేరు ఎక్కినవాళ్ళ మనవళ్ళు ఇవాళ రైతులు. కాగితం సంగతి తెలియక, పటేల్ పట్వారీలకు భయపడి పొలం వదిలినవాళ్ళ మనవళ్ళు కూలీలు. దళిత నాయకుడు దాదాసాహెబ్ గాయక్వాడ్ నడిపిన 1959, 1964 భూ సత్యాగ్రహాలకు దళితులు ఇళ్ళకు తాళాలు వేసి జైళ్ళకు పోయారు. మరాఠ్వాడాలో గాయరాన్ బంజరును దున్నుకున్న కుటుంబాల్లో సాత్ బారా అనే భూమి హక్కు పత్రం మీద పేరు ఎక్కినవి బ్యాంకు గడప తొక్కగలిగాయి. ఎక్కనివి ఇప్పటికీ ఆ నేలను దున్నుతూనే పరాయివాళ్ళుగా ఉన్నాయి. గుంట భూమి అయినా సరే, పేరుతో ఉంటే దెబ్బను ఆపుతుంది. అందుకే భూమి పోరాటం పాతబడిన విషయం కాదు.

తలుపు తెరిచినవాళ్ళు

గురూజీ ఏం చేశారో ఇప్పుడు చెబుతాను. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ఆయన వాడవాడా తిరిగేవారు. హాస్టల్ ఫారం, స్కాలర్‌షిప్ ఫారం, కులం సర్టిఫికెట్, ఆదాయం దాఖలా, ఏ కాగితం ఏ ఆఫీసులో ఏ తారీఖులోగా ఇవ్వాలో చెప్పి, తానే నింపి, తండ్రి వేలిముద్ర వేయించి పంపేవారు. దళిత విద్యార్థులకు మెట్రిక్ తర్వాత స్కాలర్‌షిప్ ఈ దేశంలో 1944 నుంచి ఉంది. ఉన్నదని ఊళ్ళో తెలిసినవాడు లేకపోతే అది లేనట్టే. నేను హాస్టల్ అన్నం తిని చదువుకున్నవాణ్ణి. నా కాగితం మీద ఉన్నది ఆయన చేతిరాతే. నాకంటే బాగా లెక్కలు చేసే పిల్లలు మా తరగతిలో ఉండేవారు. వాళ్ళలో ఒకరి ఇంట్లో ఆ ఏడే తండ్రి మంచం పట్టాడు. ఫారం నింపినా ఆ పిల్లవాడు పోలేకపోయాడు. తలుపు ఇద్దరికీ ఒకేరోజు తెరుచుకుంది. దెబ్బ ఒక్క ఇంటి మీదే పడింది.

1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. తర్వాత ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారులు సాంఘిక సంక్షేమ గురుకులాల కోసం, వెట్టి నుంచి మనుషులను విడిపించడం కోసం జీవితాన్నే పెట్టారు. గురుకులం గొప్పతనం పాఠంలో మాత్రమే లేదు. ఇంటి మీద దెబ్బ పడినప్పుడు కూడా పిల్ల చదువు ఆగదు. తిండి, పడక, పుస్తకం, మందు అక్కడే ఉన్నాయి. తలుపు తెరవడం, దెబ్బ నుంచి కాపాడటం రెండూ ఒకేచోట జరుగుతాయి. మనకు దగ్గరి నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ మాలావత్ పూర్ణ, తాడ్వాయి గురుకులంలో చదువుతూ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఎవరెస్ట్ ఎక్కింది. ఆ పిల్ల ధైర్యానికి దండం పెడతాను. ఆ ధైర్యానికి శిక్షణ ఇప్పించి, ఖర్చు భరించి, నమ్మి పంపిన ఒక వ్యవస్థ వెనక ఉందని కూడా అంతే గట్టిగా చెబుతాను. అలాంటి ధైర్యం మన వాడల్లో ఎన్ని ఇళ్ళలో ఉందో, దానికి దారి దొరక్క ఎన్ని ఇళ్ళలో అణగిపోయిందో ఎవరూ లెక్క రాయలేదు.

గీతకు అవతల బాసరలో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. ఊళ్ళ సర్కారు బడుల్లో పదో తరగతిలో ముందున్న పిల్లలు ఆరేళ్ళు అక్కడే ఉండి ఇంజినీర్లవుతున్నారు. మన పిల్లలకు ఆ భవనాలు రైల్లోంచి కనిపించేంత దగ్గర, సీటు దొరకనంత దూరం. నాందేడ్ జిల్లా సరిహద్దు తాలూకాల్లో అలాంటి ఆశ్రమ విద్య కావాలని అడగడం మన హక్కు.

కలిసి ఎక్కిన మెట్టు

ఇంతవరకు ఒక్కో ఇంటి గురించి చెప్పాను. ఒక్కొక్కరుగా కాకుండా కలిసి పైకొచ్చిన మన తెలుగువాళ్ళ కథ సోలాపూర్‌లో ఉంది. మగ్గాల మీద, మిల్లుల్లో పని కోసం తెలంగాణ నుంచి తరతరాలుగా వలసపోయిన పద్మశాలీలు ఆ ఊళ్ళో పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాళ్ళ ఆడవాళ్ళు ఇళ్ళలో బీడీలు చుడతారు. వెయ్యి బీడీలకు వచ్చే డబ్బులోంచి గది అద్దె కట్టి సొంత ఇల్లు కట్టుకోవడం ఒంటరి మనిషి వల్ల అయ్యే పని కాదు. కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం ముందుండి నడిపిన పోరాటంతో కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేరు మీద బీడీ కార్మిక స్త్రీలకు 10,000 ఇళ్ళు వచ్చాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని అందించారు. ఆ తర్వాత అసంఘటిత కార్మికుల కోసం రే నగర్‌లో 30,000 ఇళ్ళ పథకం నడిచింది. 2024 జనవరిలో అందులో సగం ఇళ్ళు చేతికొచ్చాయి.

ఆ స్త్రీలు ముందుకంటే ఎక్కువ బీడీలు చుట్టినందువల్ల ఇల్లు రాలేదు. సంఘంగా నిలబడి, ఏళ్ళ తరబడి అడిగినందువల్ల వచ్చింది. అద్దె మిగిలింది, వెళ్ళగొడతారన్న భయం పోయింది, పిల్లలకు ఒక చిరునామా దొరికింది. వేల ఇళ్ళు ఒకేసారి ఒక మెట్టు ఎక్కాయి.

లెక్క రాద్దాం

పైకొచ్చిన మనలాంటివాళ్ళకు ఒక మాట. మన కష్టం నిజమే. అయితే మనం తలుపు దాటేటప్పుడు ఇంట్లో ఎవరూ మంచం పట్టలేదు, ఆ ఏడు వానలు పడ్డాయి, ఒక గురూజీ ఫారం నింపారు. ఇవి మన సంపాదన కావు. వెనకపడ్డ ఇంటికి నీతులు చెప్పే హక్కు వీటివల్ల రాదు, ఆ ఇంటిని పట్టించుకోవలసిన బాధ్యత వస్తుంది.

ఊరికి ఒక ప్రతిపాదన పెడుతున్నాను. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2 తేదీల్లో మనకు గ్రామసభలు జరుగుతాయి. వాటిలో ఒకటి, మే 1 అనుకుందాం, ఏటా ఈ లెక్క కోసం పెట్టుకుందాం. ఈ ఏడు ఏ ఇల్లు జారింది, ఎందుకు జారింది? ఏ ఇల్లు ఎక్కింది, ఏ ఆసరాతో ఎక్కింది? ఎవరి పేరూ పదిమందిలో చదవక్కర్లేదు. ఎవరి గౌరవమూ పోనక్కర్లేదు. కారణాలు మాత్రం ఒక రిజిస్టరులో రాసుకుందాం. జబ్బుల వల్ల ఆరు ఇళ్ళు జారాయని తేలితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలనెలా మందులు ఉండాలని కాగితం ఆధారంగా అడగవచ్చు. మిత్తి వల్ల నాలుగు ఇళ్ళు జారితే ఆడవాళ్ళ పొదుపు సంఘాల్లో జబ్బు ఖర్చుకు విడిగా ఒక నిధి పెట్టుకోవచ్చు. సాత్ బారా చిక్కులతో ఆగిన ఇళ్ళుంటే తహసీల్ ఆఫీసుకు ఊరంతా కలిసి పోవచ్చు. బడి మానబోతున్న పిల్ల ఉంటే ఆ వారమే ఆ ఇంటికి పోవచ్చు, మరుసటి ఏడు పోతే ఆలస్యమవుతుంది.

దీనికి పెద్ద డబ్బు అక్కర్లేదు. చదువుకున్న నలుగురు పిల్లలు, నలుగురు ఆడవాళ్ళు, ఒక రిజిస్టరు చాలు. గురూజీ ఒక్కరే ఒక వారంలో ఫారాలు నింపి ఇన్ని ఇళ్ళను తలుపు దాటించారు. ఆయన చేయలేకపోయింది ఒకటుంది. ఇంటి మీద పడే దెబ్బను ఒక్క ఉపాధ్యాయుడు ఆపలేడు. అది ఊరు చేయవలసిన పని, సర్కారు చేత చేయించవలసిన పని. ఆయన పేరు మీద ఏటా దండ వేసి ఉపన్యాసం చెప్పించుకోవడం కంటే, వచ్చే ఏడాది ఈ వేదిక మీద ఆ రిజిస్టరు తెరిచి ఈ సంవత్సరం మనం ఎన్ని ఇళ్ళను జారకుండా ఆపామో చదివి వినిపించడమే ఆయనకు తగిన స్మరణ. ఆ పని చేయడానికి ముందుకు వచ్చేవాళ్ళు సభ ముగిశాక ఇక్కడే ఉండండి. పేర్లు ఇవాళే రాసుకుందాం.